గెడ్డలు ప్లాట్లయిపోకముందే: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

మాది నరసన్నపేట పక్క పల్లె. వంశధార ఎడమ కాలువ కింద వరి పండే నేల. ఇప్పుడు గట్టు మీద నిలబడితే చేల కంటే ప్లాట్ల రాళ్లే ఎక్కువ కనిపిస్తున్నాయి. నేను కొన్న నాలుగు సెంట్లూ అలాంటి చోటే. అమ్మినవాళ్లు గెడ్డను, అంటే వాన నీళ్లు పోయే వాగును, కంకరతో పూడ్చేశారని మొదటి వానకి గాని తెలియలేదు. నీళ్లు పాత దారినే వెతుక్కుంటూ వచ్చి మా వంటింట్లో నిలిచాయి.

2017 నాటి లేఅవుట్ నిబంధనలు 10 శాతం స్థలం ఖాళీగా వదలమంటాయి. మంచిదే. ఆ ఖాళీని గెడ్డ ఒడ్డునే వదలాలని కూడా రాయించండి. తండ్రి ఇచ్చిన పది సెంట్లు పంచుకునే అన్నదమ్ములనూ, ఎకరాలు కోసి అమ్మే వ్యాపారినీ ఒకే గాటన కట్టకండి. పన్నెండడుగుల వీధుల్లో తాతల కాలం నుంచి బతుకుతున్నవాళ్లం, ఆ నిబంధనలు అడిగే పెద్ద రోడ్డు ఎక్కడ నుంచి తెస్తాం? మా ఊళ్లకు వేరే కొలతలు కావాలి.

అన్నిటికంటే ముందు ఒక్క పని చేయించండి. గెడ్డలు, చెరువులు, పంట కాలువలు సర్వే నంబర్లతో సహా తెలుగులో చూపే మ్యాపును ప్రతి ఊరి సచివాలయం గోడకీ అంటించండి. స్థలం కొనేవాడు బయానా ఇచ్చేలోపే చూసుకుంటాడు.

ఇట్లు,
నరసన్నపేట మండల వాసి