అమ్మ మడమల పగుళ్లు తగ్గాయి, సాయం చేసిన మీ అందరికీ కృతజ్ఞతలు

అమ్మ కాళ్ల పగుళ్లకు ఏదైనా ఉపాయం చెప్పమని అడిగితే ఇంతమంది ఇంత ఓపిగ్గా చెబుతారని అనుకోలేదు. మునివేళ్ల మీద భారం మోపి నడిచే మా అమ్మ ఇప్పుడు మడమ పూర్తిగా ఆనించి నడుస్తోంది. పేరుపేరునా థాంక్స్ చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

అందరికంటే ముందు నర్సుగా పనిచేసే అక్కకి. మందు సంగతి ఎత్తకముందే "అమ్మకు షుగర్ ఉందా? పగుళ్లలోంచి రక్తం గానీ చీము గానీ వస్తోందా? వేళ్ల మధ్య దురద ఉందా?" అని అడిగింది. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, చిన్న పగులు కూడా తెలియకుండానే పుండు కావచ్చు, అలాంటివాళ్లు ఇంటి వైద్యం పెట్టుకోకుండా డాక్టరుకే చూపించాలి అంది. ఫంగస్ పట్టినా అరికాలు ఇలాగే పొడిబారి పొట్టు లేస్తుందట. దానికి ఎంత నూనె రాసినా లాభం లేదు. టెస్టులో అమ్మకు షుగర్ లేదని తేలాకే మేం మిగతా పని మొదలుపెట్టాం. చిట్కా చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, చెప్పే ముందు ఇవన్నీ అడిగేవాళ్లు తక్కువ. అక్కా, నీ మేలు మరచిపోను.

మడమలకు రాసే బామ్ చేయడం దగ్గరుండి నేర్పింది పక్కింటి పిన్నిగారు. తూకం ప్రకారం తేనెమైనం ఒక వంతు, కొబ్బరి నూనె, షియా బటర్ (షియా గింజల నుంచి తీసే వెన్నలాంటి కొవ్వు) కలిపి నాలుగు వంతులు. మైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది కాబట్టి గిన్నెను నేరుగా మంట మీద పెట్టనివ్వలేదు. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె ఉంచి, ముందు మైనం, అది కరిగాక మిగతావి వేయించారు. చెంచాడు తీసి చల్లటి ప్లేటు మీద వేసి, గట్టిపడ్డాక వేలితో నొక్కి చూడమన్నారు. వేలికి అంటకుండా రాయిలా ఉంటే కాస్త నూనె, జారుగా ఉంటే కాస్త మైనం కలిపి మళ్లీ కరిగించడమే. డబ్బాలో మాత్రం చుక్క నీరు ఉండకూడదు, ఉంటే బూజు పడుతుంది. విటమిన్ ఇ నూనె వేస్తే బామ్ త్వరగా ముక్కవాసన రాకుండా ఉంటుందే తప్ప బూజును ఆపదని కూడా ఆవిడే చెప్పారు. సువాసన తైలాలు వద్దన్నారు, విచ్చుకున్న పగుళ్లలో పడితే మంటెత్తుతుందని.

అరికాళ్లకూ మడమలకూ నూనె గ్రంథులే ఉండవట. మందంగా ఉండే ఆ చర్మం ఎండిపోతే సాగలేదు, ఒంటి బరువు పడగానే చిట్లుతుంది. బామ్ తడిని తీసుకురాదు, ఉన్న తడిని పోనివ్వదు, అంతే. అందుకే గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, అద్ది తుడిచి, చెమ్మ ఉండగానే రాయాలి. అమ్మ ఎడమ మడమ అంచున లోతైన పగులు ఒకటి ఉండేది, రెండు పక్కలా పసుపచ్చగా గట్టిపడి. దానికి అడ్డంగా రుద్దకుండా, పగులు పొడవునా వేలికొసతో బామ్ నింపేదాన్ని. రాశాక కాటన్ సాక్సు తొడిగి పడుకోబెట్టేదాన్ని. లేచి తిరగాలంటే సాక్సు తీసేయాల్సిందే, జారితే అసలుకే మోసం.

మందుల షాపు తమ్ముడూ, నీ మాట కూడా సమయానికి పనికొచ్చింది. అంత మందం పేరుకున్నచోట బామ్ ఒక్కటే చాలదని, యూరియా ఉన్న క్రీము వాడితే ఆ చర్మం మెత్తబడుతుందని చెప్పావు. పచ్చిగా ఉన్న పగులు మీద పడితే చురుక్కుమంటుందని ముందే హెచ్చరించావు కూడా. బ్లేడుతో చెక్కొద్దని నువ్వు గట్టిగా చెప్పకపోతే అమ్మ వినేది కాదు. మెత్తబడ్డాక ప్యూమిస్ రాయితో తేలిగ్గా రుద్దితే సరిపోయింది.

లోతైన పగులు మూసుకుంది, అంచుల్లో ఇంకా కాస్త గరుకు ఉంది. రాయడం ఆపితే మళ్లీ వస్తుందని తెలుసు కాబట్టి రోజూ రాత్రి రాస్తూనే ఉన్నాం. అమ్మ మీ అందరికీ నమస్కారాలు చెప్పమంది. పిన్నిగారూ, కొత్త డబ్బా మీకోసం పక్కన పెట్టాను, సాయంత్రం తెచ్చిస్తాను.