వార్షిక సర్వసభ్య సమావేశం: కార్యదర్శి నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్లం సంఘంగా ఎందుకు ఏర్పడ్డామో, ఏమేం చేస్తామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేరుగా పనుల్లోకి వెళ్తాను.

కొత్తవాళ్లకు తోడుండే కార్యక్రమం ఈ ఏడాది కూడా ఆగకుండా నడిచింది. 2023 అక్టోబర్ నుంచి ఫ్రీ ట్రయల్‌ను స్టార్మ్‌బ్లడ్ అనే ఎక్స్‌పాన్షన్ (ఆటకు తర్వాత చేర్చిన పెద్ద భాగం) దాకా, 70వ లెవెల్ దాకా పెంచడం వల్ల డబ్బు కట్టకుండానే చాలాకాలం ఆడే వీలుంది. అలా వచ్చినవాళ్లను మొదటి డంజన్లలో (జట్టుగా దాటాల్సిన దశల్లో) చేయి పట్టుకుని నడిపించిన మెంటర్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు. ముఖ్యంగా హీలర్‌గా, అంటే జట్టువాళ్ల గాయాలు మాన్పే పాత్రగా, మొదటిసారి అడుగుపెట్టి టెన్షన్ పడేవాళ్లను విసుక్కోకుండా ఓర్చుకున్న ఇద్దరు సీనియర్ సభ్యులకు. పేర్లు చదవొద్దని వాళ్లే అన్నారు. రెయిడ్ (పెద్ద జట్టుగా చేసే కఠినమైన పోరాటం) శిక్షణ శిబిరాలు అనుకున్నన్ని జరగలేదు. కారణం తర్వాత చెప్తాను.

చర్చా సభ

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది చర్చా సభ గురించి. "ఆట లాంచ్ చెడినా, బాగుపడినా బాధ్యత ప్రొడ్యూసర్‌దేనా?" అన్నది అంశం. ఎవరూ రారని, వచ్చినా కొట్టుకుంటారని కార్యవర్గంలోనే కొందరు అన్నారు. వచ్చారు. కొట్టుకున్నారు కూడా, కానీ మర్యాదగా. అర్ధరాత్రి దాటాక నేనే మైకులు కట్టేయాల్సి వచ్చింది.

రాలేకపోయిన సభ్యుల కోసం వాదనలు కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట మాట్లాడినవాళ్లు 2010 నాటివాళ్లు. ఆ ఏడాది సెప్టెంబర్ 30న ఆట విడుదలైనప్పుడు ఎలా ఉండేదో చెప్పారు. ఏ మెనూ నొక్కినా సర్వర్ బదులిచ్చే దాకా ఎదురుచూడాలి. వేలం మార్కెట్ లేదు. వస్తువు కొనాలంటే మార్కెట్ వార్డుల్లో నిలబెట్టిన రిటైనర్లను, అంటే ఆటగాళ్ల సరుకు అమ్మిపెట్టే పాత్రలను, ఒక్కొక్కరినీ తట్టి చూసుకోవాలి. ఒకే క్లాస్‌ను (పాత్ర వృత్తిని) వారంలో కొంతసేపటికి మించి ఆడితే అనుభవ పాయింట్లు తగ్గుతూ పోయి చివరికి ఆగిపోయేవి. ఇంతలా విసిగిపోయిన ఆటగాళ్ల ముందుకు డిసెంబర్ 10న ఆట తయారుచేసిన స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ అధ్యక్షుడు యోయిచి వాడా వచ్చి క్షమాపణ చెప్పారు. ప్రొడ్యూసర్ హిరోమిచి తనకా తప్పుకున్నారు, నయోకి యోషిడా వచ్చారు. ఆట బాగయ్యే దాకా నెల చందా వసూలు చేయబోమన్నారు, 2012 జనవరి దాకా చేయలేదు. ఆ రోజుల నుంచే పాతవాళ్లకు యోషిడా అంటే అభిమానం. ఇప్పటికీ ఆయన్ను పేరు పెట్టి పిలవరు, యోషీ-పి అంటారు.

దీనికి ఎదురువాదం గట్టిగానే వచ్చింది. ఇదే తనకా 2002లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 11కి ప్రొడ్యూసర్. ఆ ఆట ఏళ్ల తరబడి నిలబడింది. అదే మనిషి ఒక ఆటకు సమర్థుడు, ఇంకో ఆటకు అసమర్థుడు ఎలా అవుతాడని మన ఉపాధ్యక్షురాలు గారు అడిగారు. ఆమె బలం ఏమిటంటే యోషిడా మాటల్నే సాక్ష్యంగా తెచ్చారు. 2014లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఆయన పాత ఆట ఎందుకు కూలిందో విడమరిచి చెప్పారు. గ్రాఫిక్స్ నాణ్యత మీద పిచ్చి మొదటిది. వీధిలో ఉండే పూలకుండీకీ, ఆటగాడి పాత్రకూ ఇంచుమించు ఒకే లెక్కన వెయ్యి పాలిగాన్లు (బొమ్మను కట్టే చిన్న చిన్న ముక్కలు) వాడారట. ఇక తెరమీద గుంపును చూపించడం ఎలా సాధ్యం? రెండోది, అప్పటికే మార్కెట్లో ఉన్న ఇలాంటి ఆటలు ఎలా మారాయో జట్టులో చాలామందికి తెలియకపోవడం. మూడోది, ఏ లోపమున్నా తర్వాత ప్యాచ్‌తో సరిచేసుకోవచ్చులే అన్న ధీమా. ఈ మూడూ ఒక్క మనిషివి కావు, మొత్తం సంస్థవి. తిలాపాపం తలా పిడికెడు అని, మనం మాత్రం ఆ పాపమంతా ఒక్క తనకా నెత్తిన పెట్టి పదిహేనేళ్లుగా తిరుగుతున్నామని ఆమె అన్నారు. ఆ మాటకు చప్పట్లు పడ్డాయి. అవతలి పక్షం నుంచి కూడా.

తర్వాత పునర్నిర్మాణం మీద మాట్లాడారు. యోషిడా చేసింది నిజంగా ధైర్యమైన పని. ఆట కొని ఆడుతున్నవాళ్ల కోసం పాత ఆటను నెలనెలా సరిచేస్తూనే, వెనకాల కొత్త ఇంజిన్‌తో కొత్త ఆట తయారుచేయించారు. జనం కాపురముంటున్న ఇంటికి మరమ్మతులు చేయిస్తూ పక్కనే ఇంకో ఇల్లు కట్టడం లాంటిది. 2012 నవంబర్ 11న పాత సర్వర్లు మూసేశారు. ఆ మూసివేతను కూడా కథలో కలిపేశారు. డాలముడ్ చంద్రుడు కూలి, అందులోంచి బహాముట్ అనే మహా డ్రాగన్ బయటపడి ఆ లోకమే నాశనమైపోయింది. 2013 ఆగస్టు 27న 'ఎ రెల్మ్ రీబార్న్' పేరుతో ఆ కొత్త ఆట వచ్చింది. పాత రోజుల్లో నిర్ణీత కాలం చందా కట్టి ఆడినవాళ్ల పేర్లను ఆట చివర్లో తెరమీద వేశారు. ఆ జాబితాలో పేరున్న సభ్యుడొకరు దాని గురించి చెబుతూ గొంతు పెగలక ఆగిపోయారు. సభ్యుల్లో చాలామందికి ఆయన అంత పాతకాపు అని ఆ రోజే తెలిసింది.

ఇక్కడే అసలు మలుపు. సమన్వయకర్తగా ఉన్న మన సహాయ కార్యదర్శి, రీబార్న్ లాంచ్ మాత్రం సజావుగా జరిగిందా అని అడిగారు. జరగలేదు. జనం విరగబడడంతో లోపలికి వెళ్లలేకపోయారు. కొత్త పాత్రల సృష్టిని ఆపారు, డిజిటల్ అమ్మకాల్ని ఆపారు. 2021లో వచ్చిన ఎండ్‌వాకర్ ఎక్స్‌పాన్షన్ కూడా అంతే. నవంబర్ 23న రావాల్సింది డిసెంబర్ 7కి వాయిదా పడింది. ఆ వాయిదా తన నిర్ణయమేనని యోషిడా లైవ్‌లో కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పారు. వచ్చాక లాగిన్ క్యూలు, '2002' నంబరు ఎర్రర్. ఒక డేటా సెంటర్ లాగిన్ వరుసలో 17,000 మంది దాటితే సర్వర్ బయటికి నెట్టేస్తుందని, సెమీకండక్టర్ల కొరత వల్ల అనుకున్న సమయానికి కొత్త సర్వర్లు దొరకలేదని వాళ్లే వివరంగా రాశారు. ముందు 7 రోజులు, తర్వాత ఇంకో 14 రోజుల చందా మాఫీ చేశారు. అంతటితో ఆగకుండా ఆటను అమ్మడమే ఆపేశారు. 2022 జనవరి 25న గానీ మళ్లీ మొదలుపెట్టలేదు.

అంటే లాంచ్ రోజు లెక్క చూస్తే తనకాకూ యోషిడాకూ మార్కుల్లో మనం అనుకున్నంత తేడా లేదు. ఇద్దరి లాంచ్‌లూ తడబడ్డాయి. ఒకటి ఆట బాగోలేక, మిగతావి జనం ఎక్కువై. తేడా ఉన్నది తర్వాతి వారంలో. గిరాకీ పతాక స్థాయిలో ఉన్నప్పుడు సొంత సరుకు అమ్మకం ఆపడం వ్యాపారంలో ఎవరూ చేయరు. ఇప్పటికే కొన్నవాళ్లు లోపలికి వెళ్లడం ముఖ్యమని చేశారు. లాంచ్ బాగా జరగడం ఒక్క మనిషి చేతిలో ఉండదు, చెడినప్పుడు ఎవరి ముందు నిలబడి ఏం చెప్పాలన్నది మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. ఇది సభ తీర్మానం కాదు, కార్యదర్శి అభిప్రాయం. నచ్చనివాళ్లు ప్రశ్నల సమయంలో అడగండి.

సభలో అందరికీ నచ్చని మాట, నాకు బాగా నచ్చిన మాట చివర్లో వచ్చింది. నిరుడే చేరిన ఒక చిన్నది, డాన్‌ట్రెయిల్‌తో ఆట మొదలుపెట్టిన అమ్మాయి, చేయెత్తింది. 2024 జులై 2న వచ్చిన ఆ ఎక్స్‌పాన్షన్ కథ చాలామందికి రుచించలేదు, స్టీమ్‌లో మిశ్రమ సమీక్షలు వచ్చాయి. కథ సాగదీశారు అని తను అన్నప్పుడల్లా పెద్దలు 2010 ఎంత ఘోరమో చెప్పడం మొదలుపెడతారని, పాత కష్టం చూపించి కొత్త ప్రశ్నను నోరు మూయిస్తున్నారని అంది. యోషిడా ఫైనల్ ఫాంటసీ 16ని కూడా నెత్తిన వేసుకున్నాక ఈ ఆటకు ఎంత సమయం దక్కిందో అడగకూడదా అని కూడా అడిగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పాతవాళ్లలో ఒకరు లేచి, నిజమే తల్లీ, అడగాలి అన్నారు. చేతులెత్తమంటే ఇంచుమించు సగం సగం వచ్చింది. తీర్పు చెప్పకుండానే సభ ముగించాం. వచ్చే ఏడాది ఆ అమ్మాయిని అంశాల ఎంపిక కమిటీలో వేయాలని ఈ వేదిక మీద ప్రతిపాదిస్తున్నాను.

ఈ సభకు పాత ప్యాచ్ నోట్లు వెతికి తేదీలు సరిచూసిన సభ్యులకు, జపనీస్ ప్రకటనల్ని మనకు అర్థమయ్యేలా చెప్పిన మిత్రుడికి, పోస్టర్ గీసిన అక్కకు, గొడవ పెద్దదవుతున్నప్పుడల్లా జోకేసి చల్లార్చిన కోశాధికారి గారికి, రికార్డింగ్ చూసుకున్న తమ్ముళ్లకు ధన్యవాదాలు. ఎవరి పేరైనా మరచిపోతే మన్నించండి.

లెక్కలు

ఖర్చు రాబడిని మించలేదు. ఆడిటర్ సంతకం చేశారు, పట్టిక అందరికీ పంపాం. చందా బకాయిలున్నవాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు. కట్టేయండి.

జరగని పనులు

రెయిడ్ శిక్షణ శిబిరాలు ఎందుకు తగ్గాయో చెప్తానన్నాను. గ్రూపులో అడిగితే బొటనవేలి గుర్తులు బోలెడు పడతాయి. సాయంత్రం పార్టీ కట్టడానికి చూస్తే ఎనిమిది మందికి ముగ్గురుంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరు కార్యవర్గమే. ట్యాంక్‌గా (ముందు నిలబడి దెబ్బలు కాచే పాత్రగా) వస్తానని మాటిచ్చి, అదే గంటలో వేరే గుంపుతో సావేజ్ (మరింత కఠినమైన రెయిడ్) ఆడుతూ కనిపించిన సభ్యులకు ఒక మనవి: ఆన్‌లైన్‌లో ఉన్నట్టు అందరికీ కనబడుతుంది. చర్చా సభలో యోషిడా నాయకత్వం మీద ఆవేశంగా మాట్లాడిన కొందరు, సభ ఏర్పాట్లకు పిలిచినప్పుడు ఫోన్ ఎత్తలేదు. అదీ రాసిపెడుతున్నాను.

వాయిస్ సర్వర్ సమకూరుస్తామని ఒప్పుకున్న ఒక మిత్ర సంఘంవారు ఆఖరి క్షణంలో చేతులెత్తేశారు. కారణం అడుగుతూ రాసిన ఉత్తరానికి ఇప్పటిదాకా జవాబు లేదు. వాళ్లతో ఉమ్మడి కార్యక్రమాలు ఇకమీదట కొనసాగించాలా వద్దా అన్నది కొత్త కార్యవర్గం తేల్చుకోవాలి. నన్నడిగితే వద్దు.

ఆటలో ఎదురయ్యే పదాలకు సులభమైన వివరణల పుస్తకం సగంలో ఆగింది. రాస్తామన్న నలుగురిలో ఒక్కరే తన భాగం ఇచ్చారు. ఆ భాగం బాగుంది, మిగతాది కూడా ఆయన్నే రాయమంటే బాగుండదు.

ఎన్నికలు

కార్యదర్శి, సహాయ కార్యదర్శి, ఈవెంట్ల కన్వీనర్ పదవులకు నామినేషన్లు ఈ సమావేశం ముగిసేలోపు ఇవ్వాలి. రాకపోతే నియమావళి ప్రకారం ఉన్నవాళ్లే కొనసాగుతారు. నాకు అది ఇష్టం లేదని ముందే చెప్పేస్తున్నాను. సభ రికార్డింగ్ కావాల్సినవాళ్లు సహాయ కార్యదర్శిని అడగండి. నన్ను అడిగినా ఆయన్నే అడగమంటాను.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి