నీటిమట్టం పక్కన నీటి వేడి కూడా వేయండి

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు ‘భూమి రెండు డిగ్రీలు వేడెక్కితే చలి దేశాల వాళ్లకు సుఖమే కదా, ఏడవాల్సింది మన నల్లగొండ వాళ్లం’ అని రాశారు. రెండో మాటతో నాకు పేచీ లేదు. మే నెలలో మధ్యాహ్నం నల్లా తిప్పితే చేతులు కాలే ఇంట్లోనే నేనూ ఉంటున్నాను. నా జవాబు మొదటి మాటకు.

నేను 34 ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. నీటి అసంగత వ్యాకోచం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నీరు చల్లబడుతూ 4 డిగ్రీల దాకా కుంచించుకుంటుంది, అక్కడి నుంచి మళ్లీ వ్యాకోచిస్తుంది. అందుకే 4 డిగ్రీల నీరు బరువెక్కి అడుగుకు చేరుతుంది, మంచుగడ్డ పైన తేలుతుంది. ‘చలి దేశాల్లో చెరువులు గడ్డకట్టినా చేపలు ఎలా బతుకుతాయి?’ రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు బట్టీపట్టి రాసేవారు, నేను మార్కులు వేసేవాణ్ని. వాళ్లూ చూడలేదు, నేనూ చూడలేదు. మాకు తెలిసిన ఐసుగడ్డ అంటే సోడా బండి మీద పొట్టు వేసి గోనెసంచిలో చుట్టి పెట్టిందే.

2023 చివర్లో మా అమ్మాయి దగ్గరికి, అమెరికాలోని మిన్నెసోటా వెళ్లాను. మాది పదివేల సరస్సుల రాష్ట్రమని కారు నంబర్ ప్లేట్ల మీదే రాసుకుంటారు అక్కడ. ఆ యేడు చలికాలం చలికాలంలా లేదు. డిసెంబరు 29న అప్పర్ రెడ్ లేక్ అనే సరస్సులో మంచుగడ్డ ఒడ్డు నుంచి విడిపోయింది. దాని మీద కూర్చుని చేపలు పడుతున్నవాళ్లు నీళ్ల మధ్య చిక్కుకుపోతే 122 మందిని కాపాడి తెచ్చారు.

జనవరి నడుమ చలి బిగిసింది. పక్కింటి పెద్దాయన మా అల్లుణ్నీ నన్నూ దగ్గర్లోని సరస్సు మీదికి తీసుకెళ్లాడు. మనిషి నడవడానికి 4 అంగుళాల మందం చాలట, అక్కడ 8 ఉంది. చేతి మరతో బెజ్జం వేశాడు. 800 అడుగులు బోరు దింపినా దుమ్మే లేచిన చెలకలు చూసినవాణ్ని నేను. ఎనిమిది అంగుళాలకే నీళ్లు ఎగదన్నాయి! ఆ బెజ్జంలోంచి తాడుకు కట్టిన చిన్న కెమెరా దింపాడు. లోతు, వేడి రెండూ తెర మీద పడతాయి. గడ్డ కింద 33. దిగేకొద్దీ 35, 37. అడుగున 39 దగ్గర ఆగిపోయింది. వాళ్లది ఫారన్‌హీట్ కదా, 32 తీసేసి, అయిదుతో హెచ్చించి, తొమ్మిదితో భాగించాను. నాలుగుకు వెంట్రుకవాసి తక్కువ. చాక్‌పీసుతో 34 ఏళ్లు రాసిన అంకె నా కాళ్ల కింద ఉంది. చలిగాలికి కళ్లలో నీళ్లొచ్చాయనుకుని మా అల్లుడు తన నల్ల కళ్లద్దాలు తీసి ఇచ్చాడు.

అక్కడి లోతైన సరస్సుల్లో టలిబీ అనే చల్లనీటి చేప ఉంటుంది. పెద్ద చేపలకు అదే మేత. సరస్సు గడ్డకట్టే ముందు గుడ్లు పెడుతుంది, గడ్డ కరిగే వేళకు పిల్లలవుతాయి. దానికి చలితో బాధ లేదు, బాధంతా ఎండాకాలంతోనే. ఎండకు పైనీళ్లు వేడెక్కి, తేలికై పైనే ఉండిపోతాయి. అడుగున ఉన్న చల్లనీటికి ఇక గాలి అందదు. పైనుంచి రాలిన నాచు, చెత్త కుళ్లుతూ అక్కడున్న ఆక్సిజన్ని కాస్త కాస్తగా తినేస్తుంటాయి. మళ్లీ చల్లబడి నీళ్లు పైకీ కిందికీ కలిసేదాకా ఉన్నదాంతోనే సర్దుకోవాలి. గడ్డ తొందరగా కరిగితే ఆ నిల్వతో గడపాల్సిన రోజులు పెరుగుతాయి. పైకి వస్తే వేడి, కిందికి పోతే ఊపిరాడదు. మధ్యన మిగిలిన సన్నటి నీటిపొరలోనే బతకాలి. 2006 వేసవిలో మధ్యన ఆ సన్నపొర కూడా మిగలక ఆ రాష్ట్రంలో చాలా సరస్సుల్లో టలిబీలు చచ్చి తేలాయి. గత 50 ఏళ్లలో అక్కడి సరస్సులు సగటున 10 నుంచి 14 రోజుల గడ్డకాలం పోగొట్టుకున్నాయి. పది రోజులే కదా అంటే, ఒకటో తారీఖు జీతం మీద బతికేవాణ్ని నెలాఖరు పది రోజుల సంగతి అడగండి.

ఆ పాఠకుడి మాటలో అసలు నిజమే లేదనను. లోతు లేని సరస్సుల్లో గడ్డ మీద మంచు దట్టంగా పేరుకుంటే లోపలికి వెలుతురు పోక, ఆక్సిజన్ అయిపోయి చేపలు చలికాలంలోనే చస్తాయి. గడ్డకాలం తగ్గితే వాటికి కొంత మేలే. కానీ ఆ మేలు టలిబీకి కాదు.

ఇక మన సంగతి. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. అంటే మన చెరువు ఎండాకాలాన్ని సగం ఊపిరితోనే మొదలుపెడుతుంది. పానగల్లు దగ్గర చేపలు పట్టే ఒకాయన, నా పాత విద్యార్థి తండ్రి, ఇలా చెప్పాడు: “ఎండకాలం తెల్లారగట్ల చేపలు నోరు పైకి పెట్టి గుటకలేస్తయి సారూ. బొచ్చె ముందు పోతది. కొర్రమీను గట్టిది, పైకొచ్చి గాలి పీల్చి బతుకుతది.” రాత్రంతా నాచు కూడా ఊపిరి తీసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామునే ఆక్సిజన్ అడుగంటుతుంది. పాఠం చెప్పిన నాకంటే ఆయనే బాగా చెప్పాడు. చేపలు తేలిన మరునాడు మాత్రం ఎవరో మందు కలిపారని ఊరంతా ఒకటే టెన్షన్. మీ పత్రికలోనూ అదే వార్త. నిజంగా కలిపిన సందర్భాలూ ఉండొచ్చు, కాదనను. కానీ ఆ రోజు నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఒక్క వార్తలోనూ నేను చదవలేదు.

రష్యాలోని బైకాల్ సరస్సులో 1945లో మిఖాయిల్ కొజోవ్ అనే శాస్త్రవేత్త నీటి వేడి, అందులోని జీవాల లెక్క రాయడం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత కూతురు ఓల్గా, ఆమె తర్వాత మనవరాలు ల్యుబోవ్ వదలకుండా రాశారు. ఎండాకాలం పడవ మీద వెళ్లి, చలికాలం గడ్డకు బెజ్జం వేసి. 1946 నుంచి పైనీళ్లు 1.21 డిగ్రీలు వేడెక్కాయని 2008లో ప్రపంచానికి తెలిసింది ఆ నోటుపుస్తకాల వల్లే. జపాన్‌లోని సువా సరస్సు ఏటా ఎప్పుడు గడ్డకట్టిందో అక్కడి గుడి పూజారులు 1443 నుంచి రాస్తున్నారు. ఈమధ్య చాలా ఏళ్లు గడ్డే కట్టలేదు. కట్టలేదని కూడా రాస్తారు.

మీ జిల్లా పేజీలో సాగర్ 590 అడుగులకు ఎంత, మూసీ 645కు ఎంత అని వేస్తూనే ఉంటారు. పొద్దున్నే నేను మొదట చూసేది అదే. ఆ గళ్ల పక్కన నీటి వేడికి ఒక్క గడి ఇవ్వండి. ఖర్చేమీ లేదు. థర్మామీటరును సీసాలో పెట్టి, బరువు కట్టి, మూత తీసి లోతుకు దింపాలి. పది నిమిషాలు ఉంచి, సీసా నిండా నీళ్లతో పైకి లాగి, వెంటనే అంకె చదవాలి. ఉత్త థర్మామీటరు దింపితే పైకి తెచ్చేలోపే పాదరసం మారిపోతుంది.

పానగల్లులో చేపలు పట్టే ఆ పెద్దమనిషి థర్మాకోల్ తెప్ప మీద, నేను గట్టు మీద నోటుపుస్తకంతో, ప్రతి సోమవారం పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ చూస్తున్నాం. నాలుగు వారాల లెక్క ఈ ఉత్తరంతో జత చేశాను. మూడో వారం రెండింటి గడి ఖాళీగా కనిపిస్తుంది. ఆరోజు గాలిదుమారం లేచింది, తెప్ప దింపొద్దని నేనే అన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లగొండ.