ఊరి సర్పంచ్‌ని హైదరాబాద్ సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ఎన్నుకోవద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న 2025 డిసెంబర్‌లో మన తెలంగాణ రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. మూడు విడతల్లోనూ పోలింగ్ 80 శాతం దాటింది, పల్లె ఓటరు చైతన్యం చూడండి అని పేపర్లన్నీ రాశాయి. సంతోషమే. కానీ ఆ ఓట్లేసినవాళ్లలో ఊళ్లో కాపురం ఉండేవాళ్లు ఎందరు, ముందురోజు రాత్రి హైదరాబాద్ నుంచి అభ్యర్థి పెట్టిన బండ్లలో వచ్చి దిగినవాళ్లు ఎందరు అనేది మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను ఉండేది వనస్థలిపురంలో, మా పుట్టిల్లు నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. మాకు మూడో విడత పడింది, బుధవారం. ఈసారి మా వదిన వార్డు మెంబర్‌గా నిలబడింది కాబట్టి ఎన్నిక ఎట్లా జరుగుతుందో నామినేషన్ నుంచి లెక్కింపు దాకా దగ్గర నుంచి చూశాను. నా ఓటు చాలా ఏళ్ల కిందటే ఇక్కడికి మార్చుకున్నాను, ఊళ్లో నాకు ఓటు లేదు, అయినా ఆ వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపులో నంబర్ ఉంటే చాలు కదా. "అక్కా, మంగళవారం రాత్రి తొమ్మిదింటికి సాగర్ రింగ్ రోడ్డు కాడికి రాండ్రి, బండి ఉంటది, తినుడు తాగుడు మేమే చూసుకుంటం, ఓటేసినంక మళ్ల మీ ఇంటి కాడ్నే దించుతం." ఒక అభ్యర్థి మనుషులే కాదు, సర్పంచ్‌కి పోటీ చేసిన ఇద్దరు పెద్ద అభ్యర్థుల తరఫునా ఇవే ఫోన్లు. నాకు ఓటు లేదని చెబితే, మీ గల్లీలో మనోళ్లు ఇంకెవరున్నరో చెప్పండి అని అడగడం.

పట్నంలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు, ఓటు వేయడానికి బస్సు పెడితే తప్పేముంది అంటారు. ఊరి ఎన్నిక ఎంత చిన్నదో చెప్తే తప్ప ఇది అర్థం కాదు. అసెంబ్లీ నియోజకవర్గంలో రెండు లక్షల పైచిలుకు ఓట్లుంటాయి, అక్కడ ఒక బస్సెడు మంది వచ్చినా రాకపోయినా పెద్దగా తేడా రాదు. మా ఊళ్లో మొత్తం ఓటర్లు వెయ్యి మంది కూడా లేరు, ఒక్కో వార్డుకు నూరో నూట ఇరవయ్యో. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు 500 జనాభా ఉన్న తండాలను కూడా పంచాయతీలు చేశారు, చాలా మంచి పని చేశారు, అక్కడైతే ఇంకా తక్కువ. ఇలాంటి చోట సర్పంచ్ పదవి పది ఓట్లకో రెండు ఓట్లకో తేలుతుంది, సమానంగా వస్తే చీటీలు తీసి తేల్చాల్సి వస్తుంది. మా వైపు ఊళ్లలో ప్రతి ఇంటికీ ఒకరో ఇద్దరో హైదరాబాద్‌లోనే బతుకుతున్నారు, మేస్త్రీ పనికి, ఆటో నడపడానికి, వాచ్‌మన్‌గా, పిల్లల చదువులకు. అంటే ఒక్క బస్సు ఎవరు పెట్టారన్న దాన్ని బట్టే ఐదేళ్లు ఊరిని ఎవరు నడపాలో తేలిపోతుంది.

మా వదిన సంగతి చెప్తాను. బీసీ కాబట్టి డిపాజిట్ 250 రూపాయలు, మిగతావాళ్లకైతే 500. సర్పంచ్‌కి 2,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అందులో సగం. ఇంటి పన్ను బాకీ లేకుండా కట్టి, నామినేషన్ వేసి, గ్యాస్ పొయ్యి గుర్తు వచ్చాక చీర కొంగు బిగించి గడప గడపకూ తిరిగింది. ఆమె నిలబడడానికి కారణం కూడా చిన్నదే, వాళ్ల వాడకట్టులో మోరీ నీళ్లు రోడ్డు మీదికి పారుతున్నాయి, రెండు కరెంటు స్తంభాలకు బల్బులు లేవు. 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గాల గడువు ముగిసిన దగ్గర నుంచి ఈ ఎన్నికల దాకా ఊళ్లన్నీ స్పెషలాఫీసర్ల చేతిలోనే ఉన్నాయి, ఎన్నికైన పంచాయతీ లేదని కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగాయి. ఒక్కో ఆఫీసర్‌కి వేరే ఉద్యోగం ఎట్లాగూ ఉండనే ఉంటుంది, ఎవరినని అడుగుతారు? అందుకే నిలబడతానంది, మా అన్న వద్దన్నా వినలేదు.

ఆమె ప్రచారంలో నాకు బాగా నచ్చింది ఓటు వేయడం నేర్పించడం. పంచాయతీ ఎన్నికలో మిషన్ ఉండదు, కాగితం బ్యాలెట్టే, గులాబీ రంగుది సర్పంచ్‌కి, తెల్లది వార్డు మెంబర్‌కి. ముసలమ్మలు అసెంబ్లీకి, పార్లమెంటుకి బటన్ నొక్కడం అలవాటై ముద్ర వేయడం మరిచిపోయారు. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే ఏమవుతుంది, సిరా ఆరకుండా అడ్డంగా మడిస్తే అవతలి గుర్తు మీద ఎట్లా అంటుకుంటుంది, ముందు నిలువుగా మడవాలి అని నోట్‌బుక్కు కాగితాలు చింపి మరీ చూపించింది. నాకే ఓటు వెయ్యమని కూడా అనలేదు చాలా ఇళ్లల్లో, చెల్లని ఓటు మాత్రం వేయకండమ్మా అంది. ఇంత చిన్న ఎన్నికలో చెల్లకుండా పోయిన నాలుగు ఓట్లే ఒక్కోసారి ఫలితాన్ని మార్చేస్తాయి.

కానీ ఓటరు లిస్టు ముందేసుకుని కూర్చుంటే ఆ వార్డులో మూడో వంతు పేర్లు హైదరాబాద్‌లో ఉన్నాయి. "ఊళ్లె ఉన్న ఇండ్లకు ఎన్నిసార్లయినా పోతా, పట్నంల ఉన్నోళ్ల ఇండ్లు నాకెట్ల తెలుస్తయి, తెలిసినా వాళ్లను తోలుకొచ్చేటందుకు నా తాన పైసలేడియి" అని అడిగింది. నేను కొందరికి ఫోన్లు చేశాను, ఎల్బీ నగర్, హస్తినాపురం, మీర్‌పేట్ వైపు ఉన్నవాళ్లను కలిశాను. అందరూ మర్యాదగా మాట్లాడారు, టీ ఇచ్చారు, వదిన మంచిదని వాళ్లే అన్నారు. కానీ బండి పెట్టినోళ్ల మాట కాదనలేం కదా అన్నారు. బండితో పాటు సర్పంచ్ నుంచి వార్డు మెంబర్ దాకా మొత్తం ప్యానెల్ గుర్తుల చీటీ చేతిలో పెడతారు, దాంట్లో వదిన గుర్తు లేదు. పది ఓట్ల లోపు తేడాతో ఓడిపోయింది. గెలిచినావిడ కూడా మాకు తెలిసిన మనిషే, ఆమె మీద నాకేం కోపం లేదు. మోరీ సంగతి తెలియనివాళ్లు, ఆ వీధిలో నెలకోసారైనా నడవనివాళ్లు చీటీ చూసి ముద్ర వేసి మధ్యాహ్నానికల్లా వెనక్కి వెళ్లిపోవడం మీదే నా బాధంతా.

ఖర్చు లెక్కకు వస్తాను. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి లక్షన్నర, వార్డు అభ్యర్థి 30,000 మించి ఖర్చు పెట్టకూడదు. ఐదు వేలు దాటితే రెండున్నర లక్షలు, 50,000. హైదరాబాద్ నుంచి నాలుగు బస్సులు, పది కార్లు రానూ పోనూ మాట్లాడుకుని, రెండు పూటలా భోజనాలు పెట్టిస్తే సర్పంచ్‌కి ఉన్న ఆ లక్షన్నర ఒక్క రాత్రికే అయిపోతుంది, పైన చేతిలో పెట్టే డబ్బు, సీసాలు వేరే. అసలు ఓటర్లను ఉచితంగా బండ్లలో తరలించడమే ఎన్నికల చట్టాల ప్రకారం అక్రమం. సర్పంచ్‌కి వచ్చే గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు, ఐదేళ్లకు కలిపినా నాలుగు లక్షలు కాదు. పది లక్షలు, ఇరవై లక్షలు పెట్టానని చెప్పుకుని తిరిగేవాళ్లు ఆ డబ్బు ఎక్కడి నుంచి రాబట్టుకుంటారో ఊళ్లో చిన్నపిల్లవాడిని అడిగినా చెప్తాడు. ఆ మోరీ పని బిల్లులోనే, ఆ బల్బుల కొనుగోలులోనే, వెంచర్ వాళ్ల పర్మిషన్లలోనే. సగం సీట్లు ఆడవాళ్లకు రిజర్వ్ అయ్యాయి కాబట్టి చాలా చోట్ల ఆ డబ్బు పెట్టినాయన భర్తే, సంతకం మాత్రం ఆమెది, రేపు ఆడిట్‌లో ఇరుక్కునేదీ ఆమే.

ఇక మన హైదరాబాద్ వైపు చూడండి. 2020 డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగితే పోలింగ్ 46 శాతం దగ్గరే ఆగింది. ఇంటి ముందున్న స్కూల్లో పోలింగ్ బూత్ ఉన్నా దిగి వెళ్లని మనుషులు వంద కిలోమీటర్ల దూరం రాత్రికి రాత్రి ప్రయాణం చేసి ఓటేస్తున్నారంటే అది ఊరి మీద ప్రేమ అని నేను కూడా నమ్మాలనుకుంటాను. కొందరిది నిజంగా ప్రేమే. అడ్డా మీద కూలీకి వచ్చి, వానలు పడితే మళ్లీ నాగలి పట్టుకునే మనిషికి ఊళ్లోనే ఓటు ఉండాలి, ఆయన రేషన్ కార్డు, ముసలి తల్లిదండ్రులు, ఎకరం పొలం అన్నీ అక్కడే ఉన్నాయి, తాత్కాలికంగా బయటికి వెళ్లినంత మాత్రాన ఓటు పోదని చట్టం కూడా అంటుంది. కానీ ఇక్కడ ఇల్లు కట్టుకుని, పిల్లలను ఇక్కడే చదివించి, పండక్కి తప్ప ఊరి మొహం చూడనివాళ్లు అక్కడ ఓటు ఎందుకు పెట్టుకోవాలి? ఊళ్లో పాత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని కూడా అదే చట్టం చెబుతోంది. ఫారం 8 నింపితే ఓటు ఇక్కడికి మారుతుంది, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. కొందరు రెండు చోట్లా ఉంచుకుంటున్నారు, అది నేరం, ఆ మాట వాళ్ల మొహం మీదే చెప్పాలి, చుట్టాలని ఊరుకోవద్దు.

అయితే తప్పంతా ఓటరు మీద వేయడం నాకు ఇష్టం లేదు. ఎన్నిక పెట్టిన పద్ధతి కూడా మనిషిని అభ్యర్థి బండి ఎక్కేలా తోస్తోంది. పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకే. పొద్దున్నే లేచి ఇక్కడ బస్సెక్కి, దేవరకొండలో దిగి, అక్కడ ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి ఎంత టైమ్ అవుతుంది, మధ్యలో ఒక్క బస్సు తప్పిందంటే ఓటు పోయినట్టే. కాబట్టి రాత్రే వెళ్లాలి, రాత్రిపూట మా ఊరి వైపు బస్సులు లేవు. పైగా మొదటి విడత గురువారం, మూడోది బుధవారం. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకైతే ప్రైవేటు ఉద్యోగికి కూడా జీతంతో సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది, పంచాయతీకి పట్నంలో షాపులో పనిచేసే పిల్లవాడికి ఆ సెలవు ఎవరిస్తారు? ఒక రోజు కూలీ పోగొట్టుకుని, ఛార్జీలు పెట్టుకుని వెళ్లమంటే కష్టమే, ఆ కూలీ డబ్బు, ఆ ఛార్జీ అభ్యర్థి ఇస్తానన్నప్పుడు కాదనడం ఇంకా కష్టం. పోలింగ్ సమయం సాయంత్రం దాకా పెంచమని నేను అడగను, ఎందుకంటే రెండు గంటలకు లెక్కింపు మొదలై అదే రోజు ఫలితం వచ్చేయడం ఊళ్లకు మంచిది, పెట్టెలు రాత్రంతా ఎక్కడో ఉంటే గొడవలు, పుకార్లు, టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

ఆదివారం పెట్టండి చాలు. రెండో విడత ఆదివారమే జరిగింది కదా, మిగతావి కూడా వరసగా ఆదివారాల్లో పెడితే ఏమవుతుంది, ఇంకో వారం ఆలస్యం అవుతుంది అంతే, రెండేళ్ల దగ్గర ఆగిన ఎన్నికలకు ఒక వారం ఎక్కువేం కాదు. పండక్కి స్పెషల్ బస్సులు వేసినట్టే పోలింగ్‌కి ముందు సాయంత్రం ఎంజీబీఎస్ నుంచి, ఎల్బీ నగర్ నుంచి, ఉప్పల్ నుంచి మండల కేంద్రాలకు ఆర్టీసీ బస్సులు వేయాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీయే లేదు, అంటే సగం మంది ఓటర్లకు అభ్యర్థి బండి అవసరమే లేదు, బస్సు ఉంటే చాలు. ఫలితాలు వచ్చిన 45 రోజుల్లో అభ్యర్థులు ఇచ్చే ఖర్చు లెక్కలను ఎంపీడీవో ఆఫీసు బీరువాలో పెట్టకుండా పంచాయతీ ఆఫీసు గోడకు అతికించాలి, బస్సు అద్దె అందులో రాశారో లేదో ఊరే చూసుకుంటుంది. మా ఊళ్లో ఎన్ని బండ్లు వచ్చాయో అందరికీ తెలుసు.

హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్లో ఓటున్న అన్నలకూ అక్కలకూ నేను అడిగేది ఒకటే. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి, మీ ఛార్జీలతో మీరు వెళ్లండి. ముందురోజే చేరుకుని ఆ వాడకట్టులో ఒకసారి నడవండి, అక్కడే ఉండే మీ అమ్మనో పెద్దమ్మనో ఎవరికి వేస్తే బాగుంటుందని అడగండి, ఐదేళ్లూ ఆ ఊరి నీళ్లు తాగేది వాళ్లే.

ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు ఎప్పుడు వచ్చినా మళ్లీ ఇవే ఊళ్లు, ఇవే బండ్లు. ఆ షెడ్యూల్ వేసేటప్పుడు ఆదివారాలు చూసి తేదీలు పెట్టమని, ఆర్టీసీతో ముందే మాట్లాడి పెట్టుకోమని రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వనస్థలిపురం, హైదరాబాద్