డెల్ఫ్ట్ నుంచి నాయినకు

నాయినా, అమ్మా,

మంచిగున్నరా. మోకాలు వాపు తగ్గిందని చెల్లె చెప్పింది, నిన్నడిగితే మాత్రం "ఏం లేదు బిడ్డా, చిన్న దెబ్బ" అని ఫోన్ అమ్మకిస్తవ్, అందుకే ఈసారి రాసి పంపుతున్న, అమ్మతో చదివించుకో.

బండోడు గుద్దింది ఒక ఎత్తు అయితే, తర్వాత నువ్వన్న మాట ఇంకో ఎత్తు. "నాదే తప్పు, జర చూస్కొని దాటాల్సింది" అన్నవ్. వారం సంది ఆ మాటే తిరుగుతుంది నా మనసుల. నలభై ఏండ్ల సంది ఆ సైకిల్ మీదనే క్లాక్ టవర్ దాకా పోయొస్తున్నవ్, నువ్వు చూడకుండ దాటుతవా? మన కాలనీ ముందటి రోడ్డు వెడల్పు చేసినప్పుడు అందరం సంబురపడ్డం, కానీ అటు నుంచి ఇటు రావాలంటే మధ్యల ఆగనీకి జాగ లేదు, ఫుట్‌పాత్ ఉన్న కాడ ట్రాన్స్‌ఫార్మరో, బండ్లో, డబ్బా కొట్టో ఉంటది, ఇగ మనిషి రోడ్డు మీద కాకపోతే ఎక్కడ నడుస్తడు. తప్పు నీది కాదు నాయినా. ఆ రోడ్డును నడిచేటోళ్ళను లెక్కల పెట్టకుండ గీసిన్రు.

ఇక్కడ నెదర్లాండ్స్‌ల, మా డెల్ఫ్ట్ ఊళ్ళె, ఇంటి మూల కాడ ఒకటి చూస్త రోజూ. మెయిన్ రోడ్డు నుంచి మా గల్లీలకు కారు మలగాలంటే ఫుట్‌పాత్ ఎక్కి దిగాలి. అవును, ఫుట్‌పాత్ తెగదు, అదే ఎత్తుల అదే ఇటుకలతోని సాఫీగ పోతది, నడిచేటోడు కాలు దించాల్సిన పనే లేదు, కారే గడప దాటినట్టు మెల్లగ ఎక్కాలి. పోలీసు లేడు, బోర్డు మీద పెద్ద అక్షరాలు లేవు, అయినా ప్రతి డ్రైవర్ కాలు బ్రేక్ మీదకు పోతది, లేకపోతే కారు కింద తగుల్తది మరి. మా పాప ఆరేండ్లది, దాని చిన్న సైకిల్ మీద నా ముందట పోతది. మొదట్ల నా పాణం గిలగిల కొట్టుకునేది, ఇప్పుడు లేదు.

ఇక్కడోళ్ళు పుట్టుకతోనే ఇట్ల లేరు, అది నీకు చెప్పాలె. 1971ల ఈ దేశంల రోడ్ల మీద 3,300 మంది దాకా చచ్చిపోయిన్రు, అందుల 400 మందికి పైగా పిల్లలే. అప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కిన్రు, "పిల్లల హత్యలు ఆపండి" అన్నదే వాళ్ళ ఉద్యమం పేరు. యాక్సిడెంట్ అనలే, హత్య అన్నరు. ఇప్పుడు జనాభా 1 కోటి 30 లక్షల నుంచి 1 కోటి 80 లక్షలు అయింది, చావులేమో ఏడాదికి 700 అటూ ఇటూ. మా డెల్ఫ్ట్‌లనే మొదలైన గల్లీలున్నయ్, వాటిని వూనెర్ఫ్ అంటరు, 1976ల చట్టంలకు వచ్చినయ్. "ఎర్ఫ్" అంటే ఇంటి వాకిలి. కారు వచ్చినా నడక స్పీడుతోనే రావాలె, ఎందుకంటే అది వేరేవాళ్ళ వాకిలి. అమ్మా, నువ్వు సాన్పి చల్లి ముగ్గేస్తే బండ్లు తొక్కిపోతయని తిట్టుకుంటవ్ కదా, ఆ ముగ్గుకు చట్టం ఉన్నట్టు అనుకో.

స్పీడ్ సంగతి గూడ ఇను. గంటకు 50 కిలోమీటర్ల స్పీడుల గుద్దితే దెబ్బ జోరు 30ల గుద్దినదానికి దాదాపు మూడింతలు ఉంటది, స్పీడు పెరిగితే జోరు దాని వర్గం లెక్కన పెరుగుతది కదా. నిన్ను గుద్దినోడు జర నెమ్మదిగ ఉన్నడు కాబట్టి మోకాలితోని పోయింది. ఇంకో ఇరవై ఎక్కువ ఉంటే... రాయను.

మన దగ్గర రూల్స్ లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నడిచేటోళ్ళ కోసం రాసిన ఐఆర్‌సీ 103 అనే రూల్స్‌ల ఫుట్‌పాత్‌ల మీద నడవనీకి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలని ఉంది, 2025 మేల సుప్రీం కోర్టు గూడ అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంల ఆర్టికల్ 21, అంటే బతికే హక్కు, కింద హక్కు అన్నది. కాబట్టి మీరు అడిగేది దయ కాదు.

మోకాలు పూర్తిగ తగ్గినంక ఒక పని చెయ్యి. స్కూల్ టైంల, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, మన కాలనీ ఎదురుంగ కూసోని ఎంతమంది పిల్లలు, ముసలోళ్ళు, సైకిళ్ళు దాటుతున్నయో లెక్క రాయి. ఫుట్‌పాత్ వెడల్పు టేపు పెట్టి కొలువు. ఆ కాగితం, నేను పంపే ఫోటోలు కలిపి వార్డ్ ఆఫీసుల ఇద్దాం, ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగ్ ఒకటి, మధ్యల ఆగనీకి సైకిల్ పట్టేంత దిమ్మె ఒకటి, ఈ రెండే అడుగుదాం ముందుగాల. కాలనీల ఇంకో పదిమంది సంతకం పెడితే ఇంకా మంచిది, కిరాణా షాపాయన పెడ్తడు, ఆయన మనవడు గూడ ఆడనే దాటుతడు.

లెక్క పెట్టే రోజు వీడియో కాల్ చెయ్యి. నాకప్పుడు ఇంకా తెల్లారదు, అయినా లేస్త, నువ్వు సైకిళ్ళు చూస్కో, నడిచేటోళ్ళను నేను లెక్కపెడ్త.

నీ బిడ్డ