పీసీఓఎస్ అంటే పెళ్ళి సమస్య ఒక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆడవాళ్ళ పేజీలో పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే జబ్బు) గురించి ఎప్పుడు రాసినా చివరికి సంతానం కలుగుతుందా లేదా అన్న దగ్గరకొచ్చే ఆగుతుంది, ఆ కిందే పావు పేజీ ఫెర్టిలిటీ సెంటర్ యాడ్ ఉంటుంది. నేను ఖమ్మంలో అమ్మాయిల డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. నా క్లాసులో ఉండేవాళ్ళకి 18 నుంచి 21 ఏళ్ళు, సంతానం సంగతి వాళ్ళకింకా దూరం, జబ్బు మాత్రం ఇప్పుడే ఉంది. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరికి ఉంటుందని, ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా తమకు ఉందనే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అరవై మంది ఉన్న క్లాసుకి లెక్కేసుకోండి.

ఎందుకు తెలియదంటే వాళ్ళకది జబ్బులా కనపడదు కాబట్టి. రెండు మూడు నెలలకోసారి డేట్ వస్తే "పోనీలెండి మేడం, హాస్టల్లో అదే నయం" అంటారు. గడ్డం కింద వెంట్రుకలకి థ్రెడింగ్, మొటిమలకి ఏదో క్రీము, పాపిట దగ్గర జుట్టు పల్చబడితే నూనె మార్చడం, ఇవన్నీ బ్యూటీ పార్లర్ లెక్కలో పోతాయి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా అవుతుంటే అమ్మలు సున్నిపిండి పెట్టి, నిమ్మచెక్క పెట్టి రుద్దిస్తుంటారు పాపం, ఎంత రుద్దినా పోదు, అది మురికి కాదు కదా, చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్, అంటే షుగర్‌ని అదుపులో పెట్టే హార్మోన్, ఎక్కువైందనడానికి గుర్తు. శరీరం ఇన్సులిన్‌ మాట వినకపోయేసరికి దాన్ని తయారుచేసే ప్యాంక్రియాస్ (క్లోమం) ఇంకా ఇంకా వదులుతుంది, ఆ ఎక్కువైనది అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువ తయారు చేయిస్తుంది, దాంతో గుడ్డు పూర్తిగా ఎదిగి బయటికి రాదు, డేట్ రాదు. అందరికీ ఇదొక్కటే కారణమని కాదు, సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది, కానీ ఎక్కువమందిలో కథ ఇదే. అంటే గర్భసంచి డాక్టర్ దగ్గరకి వెళ్ళేది సగం షుగర్ డాక్టర్ సమస్య.

మెచ్యూర్ అయ్యి మూడేళ్ళు దాటాక కూడా 35 రోజులు మించి గ్యాప్ వస్తున్నా, ఏడాదికి ఎనిమిది సార్లు కూడా రాకపోయినా చూపించుకోవాలి. మనవాళ్ళు చూపిస్తారు కూడా, కానీ నేరుగా స్కానింగ్ సెంటర్‌కి పోతారు, రిపోర్టులో పీసీఓడీ (పీసీఓఎస్‌నే ఇలా కూడా అంటారు) అని రాగానే ఇంట్లో ఏడుపులు. 2023లో వచ్చిన అంతర్జాతీయ గైడ్‌లైన్ ప్రకారం మెచ్యూర్ అయిన ఎనిమిదేళ్ళ దాకా స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదు, ఆ వయసులో అండాశయాల్లో చిన్న చిన్న ఫాలికల్స్ (గుడ్డు ఎదిగే సంచులు) ఎక్కువ కనపడటం మామూలే. డేట్ గడబిడ, మగ హార్మోన్ ఎక్కువున్న గుర్తులు రెండూ ఉండాలి, దాంతోపాటు థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) టెస్టులు చేసి అవి కారణం కాదని చూసుకోవాలి. అంతా అయ్యాక ఉందని తేలితే బీపీ, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ టెస్ట్), గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసే షుగర్ టెస్ట్ చేయించాలి. ఈ చివరిది చేయించుకున్న అమ్మాయి నా స్టూడెంట్స్‌లో నాకైతే కనపడలేదు, స్కాన్ ఫిల్మ్ మాత్రం అందరి దగ్గరా ఉంటుంది.

పోనీ గవర్నమెంట్ వాళ్ళయినా చేస్తారా అంటే, టీనేజ్ వాళ్ళ కోసం 2014లో పెట్టిన కేంద్రం ప్రోగ్రామ్ 10 నుంచి 19 ఏళ్ళ వరకే, ఊళ్ళల్లో బీపీ, షుగర్ స్క్రీనింగ్ 30 దాటినవాళ్ళకి. మధ్యలో ఇరవైల్లో ఉన్న పెళ్ళికాని అమ్మాయి ఈ రెండు లిస్టుల్లోనూ లేదు! గర్భం వస్తేనే ఆశా వర్కర్ తలుపు కొడుతుంది. సరిగ్గా ఆ వయసులోనే ఇంట్లో "పెళ్ళైతే అదే సర్దుకుంటుంది" అంటుంటారు. పెళ్ళికీ ఇన్సులిన్‌కీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈలోగా నెలల తరబడి డేట్ రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది, ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే అక్కడ క్యాన్సర్ రిస్క్ కూడా పెరుగుతుంది, అందుకే మూడు నెలలు దాటినా రాకపోతే డాక్టర్లు గోళీలిచ్చి రప్పిస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మింగేది కాదు అది.

ఇక మందులంటే ఇంకో భయం. గర్భం రాకుండా వాడే పిల్స్ రాస్తే "పెళ్ళికాని పిల్లకి అవేం మందులు" అని అమ్మ చీటీ మడిచి లోపల పెట్టేస్తుంది, మెట్‌ఫార్మిన్ రాస్తే షాపతను "ఇది షుగర్ గోళీ కదమ్మా, ఎవరికి?" అని నలుగురిలో అడుగుతాడు, ఆ పిల్ల మళ్ళీ ఆ షాపు గడప తొక్కదు. నిజానికి డేట్ సరిచేయడానికీ, అవాంఛిత రోమాలు తగ్గించడానికీ ఆ పిల్సే వాడతారు, ఇవ్వొచ్చో లేదో బీపీ, మైగ్రేన్ లాంటివి చూసి డాక్టరే చెప్పాలి. రేపు పిల్లలు కావాలనుకున్నప్పుడు గుడ్డు విడుదలయ్యేలా చేసే లెట్రోజోల్ లాంటి మందులున్నాయి, చాలామందికి పుడతారు.

తిండి గురించి యూట్యూబ్‌లో ఒకరు పాలు మానమంటారు, ఒకరు గోధుమ మానమంటారు. దీనికంటూ ప్రత్యేకమైన డైట్ ఏదీ లేదని ఆ 2023 గైడ్‌లైనే చెప్తోంది. మా హాస్టల్ పళ్ళెం చూస్తే నాకు తెలిసిపోతుంది, గుట్టంత తెల్లన్నం, ఆలూ ఫ్రై, నీళ్ళ సాంబారు. అన్నం కొంత తగ్గించి గుడ్డో, శెనగలో, పప్పు కాస్త గట్టిగానో పెడితే చాలు మొదలుపెట్టడానికి. వారానికి కనీసం 150 నిమిషాలు గట్టిగా నడిచినా, ఎక్కువ బరువున్నవాళ్ళు తమ బరువులో 5 శాతం తగ్గినా, అంటే 70 కిలోలుంటే మూడున్నర కిలోలు, చాలామందికి తేడా తెలుస్తుంది. లావుగా ఉన్నావని ఎగతాళి చేస్తే మాత్రం తగ్గరు, దిగులు ఎక్కువవుతుంది, అసలే ఈ జబ్బున్నవాళ్ళకి డిప్రెషన్, ఆందోళన ఎక్కువ.

ఇప్పుడు మీతో నా పేచీ. "మూడు నెలల్లో పీసీఓడీ మాయం" అని మీ పేపర్లోనే యాడ్స్ వస్తున్నాయి, మా అమ్మాయిలు హాస్టల్ ఫీజు డబ్బులు పెట్టి ఆ పొడులు తెప్పించుకుంటున్నారు. ఇది కంట్రోల్‌లో పెట్టుకునేదే కానీ మూడు నెలల్లో మాయమయ్యేది కాదు. పైగా నెలసరి లోపాలు సరిచేస్తామని మందులకి ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం నిషేధం, మీ లీగల్ సెక్షన్ వాళ్ళకి ఇది తెలియదనుకోను.

ఆ యాడ్ జాగాలో ఒక్కసారి ఇంకోటి వేయండి. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలుపెట్టారు, ప్రతి మంగళవారం నెలసరి సమస్యలు కూడా చూస్తామన్నారు. వాటిలో ఏవి నడుస్తున్నాయి, ఎక్కడున్నాయి, షుగర్ టెస్ట్ చేస్తున్నారా లేదా మీ రిపోర్టర్ల చేత కనుక్కుని జిల్లా ఎడిషన్‌లో లిస్ట్ ఇవ్వండి. మంగళవారం నా క్లాసు పోతుందని ఎవరూ ఆగక్కర్లేదు, అటెండెన్స్ నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్, ఖమ్మం
(పేరు వేయొద్దని మనవి)