గోతిలో పడ్డ మనిషి

బావా,

నీ కథ మళ్లీ తిరుగుటపాలో వచ్చిందని రాశావు. నాలుగోసారి కదూ? నాకు ఓదార్చడం రాదు గానీ అమెరికన్ నవలాకారుడు కర్ట్ వోనెగట్ సంగతి చెబుతా, విను.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికొచ్చాక ఆయన చికాగో విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివాడు. థీసిస్‌గా ఏమిచ్చాడో తెలుసా? కథలకు గ్రాఫులు! నిలువు గీతకి పైన మంచిరోజులు, కింద చెడ్డరోజులు. అడ్డగీత మీద కథ మొదలూ చివరా. హీరో కష్టసుఖాల వెంట గీత గీసుకుంటూ పోవడమే. బాగున్నవాడు కష్టాల్లో పడి మళ్లీ పైకొస్తే దాని పేరు 'గోతిలో పడ్డ మనిషి'. గొయ్యే ఉండక్కర్లేదు, మనిషే కానక్కర్లేదు అనేవాడు. సిండ్రెల్లా అయితే మెట్టుమెట్టుగా ఎక్కి, పన్నెండు కొట్టగానే ధబేలున పడి, ఆఖర్న ఆకాశానికి పోతుంది. మన సినిమాల ఇంటర్వెల్ కార్డు ఎక్కడ పడుతుందో ఆ గ్రాఫు మీద వేలు పెట్టి చూపించొచ్చు.

పెద్దలు ఒప్పుకోలేదు. మరీ తేలిగ్గా, సరదాగా ఉందని తిప్పికొట్టారని ఆయనే చెప్పుకున్నాడు. 1971లో ఆయన నవల ఒకదాన్ని థీసిస్ కింద లెక్కేసి డిగ్రీ ఇచ్చారు. అప్పటికి దాంతో ఆయనకేం పని?

ఈలోగా జనరల్ ఎలక్ట్రిక్‌కి ప్రచార రాతలు రాశాడు. సాబ్ కార్ల షాపు పెట్టి మూసేశాడు. ఆ స్వీడన్ కార్లను తిట్టినందుకే తనకి ఆ స్వీడన్ వాళ్లిచ్చే నోబెల్ రాలేదని జోకేసేవాడు. 1958లో బావగారు రైలు ప్రమాదంలో పోయారు, ఒకటి రెండు రోజుల్లోనే అక్క క్యాన్సర్‌తో పోయింది. ముగ్గురు మేనల్లుళ్లను తెచ్చి తన ముగ్గురు పిల్లలతో కలిపి పెంచాడు. తను రాసిందంతా ఆ అక్క కోసమేనని తర్వాత రాసుకున్నాడు.

నన్ను వదలనిది మాత్రం జర్మనీలోని డ్రెస్డెన్. 1945 ఫిబ్రవరిలో ఆ ఊరి మీద బాంబులు కురిసినప్పుడు 22 ఏళ్ల వోనెగట్ అక్కడ యుద్ధఖైదీ. కబేళా కింద, మాంసం దాచే నేలమాళిగలో ఉండి బతికాడు. పైన సుమారు 25 వేల మంది పోయారు. తర్వాత ఆ శవాలను వెతికి తీసే పని ఇతని చేతే చేయించారు. అది నవలయ్యేసరికి 1969 వచ్చింది. అందులో కథ వరసగా నడవదు, హీరో కాలంలో ముందుకీ వెనక్కీ జారిపోతుంటాడు. గ్రాఫులు గీసిన చేతికే ఆ గీత కుదరలేదని నా అనుమానం. హామ్లెట్‌కీ అంతే, గీత ఎక్కదు, దిగదు. తండ్రి దయ్యమై కనబడ్డాడు. మంచి వార్తా, చెడు వార్తా? ఎవడికి తెలుసు! బతుకులోనూ మనకి తెలీదు కాబట్టి షేక్స్‌పియర్ నిజం రాశాడనేవాడు.

అన్నట్టు, 2016లో వెర్మాంట్ విశ్వవిద్యాలయం వాళ్లు వెయ్యికి పైగా కథల్ని కంప్యూటర్‌తో జల్లెడ పడితే ఆరు ఆకారాలు తేలాయట!

చిన్నకథకి ఆయన చెప్పిన సూత్రాల్లో ఒకటుంది: ప్రతి పాత్రకీ ఏదో ఒకటి కావాలి, గ్లాసుడు మంచినీళ్లయినా సరే. నీ కథలో ఆ మేస్టారికి ఏం కావాలో రెండుసార్లు చదివినా నాకు దొరకలేదురా. అది సరిచేసి, ఐదో పత్రిక కంటే ముందు నాకు పంపు. కుక్క చచ్చిపోయే పేజీ మాత్రం ముట్టుకోకు.

ఉంటానురా.